కత్తిరింపు నాటికి వస్తానన్న నోరమ్మ

మొన్న ఆదివారం పొద్దున కరీంనగర్‌లో మా ఇంటి ముందు గొర్రెల మంద ఒకటి ఆగింది. సన్నగా వాన పడుతోంది. ఎక్కడో దారి మూసుకుపోవడంతో మంద మా కాలనీ గుండా వచ్చినట్టుంది. నేను వరండాలో కూర్చుని కళ్లజోడు తుడుచుకుంటున్నాను. మందను చూడకముందే వాసన వచ్చింది. తడిసిన ఉన్ని వాసన. అందులో కొంచెం మట్టి, కొంచెం పచ్చిపాలు, ఎక్కడిదో పొగ. ఎదురింటివాళ్లు తలుపు వేసుకున్నారు. నేను గేటు దాకా వెళ్లి చివరి గొర్రె మలుపు తిరిగే వరకు నిలబడ్డాను. ఆ వాసన నన్ను ఒకేసారి రెండు చోట్లకు తీసుకుపోతుంది. ఒకటి, వేములవాడ బస్సు ఆగే మా పాత ఆసుపత్రి. ఇంకొకటి, ఐర్లండు పడమటి ఒడ్డున రాళ్ల గోడ పక్కన ఉన్న ఒక చిన్న ఇల్లు. రెండు చోట్లా ఉన్నది ఒకే మనిషి. ఆమె గురించి నా డైరీల్లో తప్ప ఎక్కడా రాయలేదు. ఆమెను ఎరిగినవాళ్లు ఈ జిల్లాలో ఇప్పుడు ఇద్దరో ముగ్గురో ఉంటారు. అందుకే పాత డైరీలు ముందేసుకుని ఇది రాస్తున్నాను.

ఆమె పేరు నోర. ఐర్లండు నుంచి వచ్చిన నర్సు. మేము నోరమ్మ అనేవాళ్లం. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఏడాదే నేను ఆ మిషన్ ఆసుపత్రిలో చేరాను. మా బాపు బెల్లంపల్లిలో బొగ్గుబాయి కార్మికుడు. వారమంతా బాయిలో, ఆదివారం చర్చిలో గడిచేది ఆయన జీవితం. నన్ను మిషన్ బడిలో చదివించి నర్సింగుకు పంపాడు. నేను చేరేనాటికి నోరమ్మకు నలభై దాటి ఉంటాయి. పొడుగు మనిషి. ఎండకు ముక్కు మీద తోలు ఎప్పుడూ లేచి ఉండేది. పుస్తకాల తెలుగు మాట్లాడే దొరలను నేను బడిలో చూశాను. నోరమ్మ తెలుగు మాత్రం పల్లెల్లో కాన్పులు చేస్తూ నేర్చుకున్నది. ఎవలు, ఏమాయె, యాడ నొస్తున్నది అని అడిగేది. అయితే అవసరమైనంతకంటే ఒక్క మాట కూడా ఎక్కువ అనేది కాదు. పేరేమో నోర, నోరేమో తెరువది అని మా వార్డు ఆయమ్మ ఆమె ముందే అనేది. నోరమ్మ దానికీ నోరు తెరవకుండానే నవ్వేది.

చేరిన మొదటి చలికాలంలోనే ఆమె నాకు నేర్పిన పాఠం ఒకటి ఉంది. నెలలు నిండకుండా పుట్టిన ఆడపిల్ల ఒకతె మా వార్డులో ఉంది. అరగంటకోసారి చూసి నోట్‌బుక్‌లో రాయడం నా పని. నా దస్తూరి బాగుంటుందని నాకు గర్వం. గుండ్రటి అక్షరాలతో "బిడ్డ నిద్రపోతున్నది" అని వరుసగా మూడుసార్లు రాశాను. నోరమ్మ వచ్చి నోట్‌బుక్ చూసింది, బిడ్డను చూసింది.

"నిద్ర వొయ్యిందని నీకెట్ల తెల్సు?" అంది.

కళ్లు మూసుకుని ఉందమ్మా అన్నాను.

"కండ్లు మూసుకున్నది. గంతే నువ్వు జూసింది. గదే రాయాలె. నిద్ర అన్నది నువ్వు అనుకున్న ముచ్చట. పాదం వట్టి సూడు."

పాదం పట్టుకున్నాను. మంచుగడ్డ పట్టుకున్నట్టుంది. ఆ పసిది నిద్రపోవడం లేదు, చల్లబడిపోతోంది. నోరమ్మ ఆ బిడ్డను తల్లి రొమ్ముల మధ్య పెట్టి, మీద గొంగడి కప్పి, తన సంచిలోంచి తెల్లటి ఊలు టోపీ తీసి బిడ్డ తలకు తొడిగింది. రెండు గంటలు అక్కడే కూర్చుంది. చివరికి ఆ పిల్ల ఏడిచింది. నోరమ్మ ఆ తర్వాత నన్ను తిట్టలేదు. మర్నాడు ఒక రూళ్ల నోట్‌బుక్ తెచ్చిచ్చి, ఇది వార్డుకు కాదు నీకు, రోజూ చూసింది రాయి, అనుకున్నది రాయకు అని చెప్పింది. అదే నా మొదటి డైరీ. అప్పటి నుంచి ఒక్కరోజు మానలేదు.

ఆ టోపీలు నోరమ్మే అల్లేది. చేతిలో పని లేనప్పుడల్లా ఆమె ఒళ్లో రెండు సూదులు, ఊలు ఉండేవి. మాక్కూడా నేర్పింది. కుడి సూది చివరను చంకలో ఇరికించి పట్టుకోవాలి. వరుస పూర్తి కాగానే బొటనవేలి గోటితో సూది మీద రెండుసార్లు టక్ టక్ అని తట్టాలి. ఆమె ప్రతి వరుసకూ తట్టేది గనుక మేమూ తట్టేవాళ్లం. సాయంత్రం నలుగురు నర్సులం వరండాలో అల్లుతూ కూర్చుంటే వడ్లపిట్టలు గింజలు ఏరుతున్నట్టు చప్పుడు వచ్చేది. అది అల్లిక పద్ధతిలో భాగమనే చాలాకాలం అనుకున్నాను. నా తర్వాత వచ్చినవాళ్లకు నేను కూడా తట్టమని నేర్పాను. ఎందుకు తట్టాలని ఎవరూ అడగలేదు.

ఒక ఏడాది విదేశాల నుంచి వచ్చే ఊలు మూటలు రాలేదు. చలి ముందే మొదలైంది. నోరమ్మ నన్ను వెంటబెట్టుకుని పక్క ఊళ్లో కురుమల వాడకు పోయింది. మల్లవ్వను నేను మొదట చూసింది అక్కడే. అరుగు మీద కాళ్లు చాపుకుని కదురు తిప్పుతూ నల్ల ఉన్ని వడుకుతోంది. వయసు యాభై పైనే. మగవాళ్లు గుంట మగ్గం మీద గొంగడి నేస్తున్నారు. నోరమ్మ నూలు ముట్టుకుని చూసి, పసిపిల్లల తలకు ఇది గుచ్చుకుంటుందని చెప్పింది. మల్లవ్వ కదురు ఆపకుండానే, పసిపిల్లకు ముసలి గొర్రె బొచ్చు పెడితే గుచ్చుకోక ముద్దుపెట్టుకుంటుందా అని అడిగింది. లేచి లోపలి నుంచి చిన్న మూట తెచ్చింది. గొర్రెపిల్లకు మొట్టమొదటిసారి కత్తిరించిన ఉన్ని. పిల్లబొచ్చు అంటారు. నోరమ్మ దాన్ని చెంపకు ఆనించుకుని అలాగే నిలబడిపోయింది. వాళ్ల అమ్మ ఇంట్లో కూడా పిల్లబొచ్చును ఇలాగే వేరుగా దాచేవారట. ఆ మాట నాతో దారిలో చెప్పింది. తన ఊరి గురించి ఆమె మాట్లాడటం అదే మొదలు.

అప్పటి నుంచి ఏటా రెండుసార్లు, గొర్రెలకు బొచ్చు కత్తిరించే రోజుల్లో, మేము మల్లవ్వ వాడకు పోయేవాళ్లం. నోరమ్మ కత్తెర పట్టుకుని మగవాళ్లతో సమానంగా కత్తిరించేది. మల్లవ్వ ఆమెను నోరవ్వ అని పిలిచేది. వాళ్లిద్దరూ ఒక అరుగు మీద కూర్చుంటే ఒకరు కదురు, ఒకరు సూదులు, గంటలు గడిచిపోయేవి. మాటలు మాత్రం పదో పదిహేనో ఉండేవి.

ఒక కార్తికంలో నోరమ్మ మల్లవ్వ వడికిన నల్ల నూలుతోనే మల్లవ్వకు ఒక స్వెట్టరు అల్లింది. ముందువైపు జడలు పేనినట్టు అల్లిక. రెండు నెలల పని. ఇస్తే మల్లవ్వ అటూ ఇటూ తిప్పి చూసి తీసుకుంది. క్రిస్మస్ నాడు ఆసుపత్రికి వచ్చింది. స్వెట్టరు తొడుక్కోలేదు, నెత్తి మీద పెట్టుకుని వచ్చింది. కిందికి దించి వరండాలో నిలబెట్టింది. నిజంగానే నిలబడింది. రెండు చేతులూ చాచి, లోపల మనిషి ఉన్నట్టు. గొంగడికి పెట్టినట్టే చింతగింజల గంజి పట్టించి, కుంచెతో దువ్వి, బండ మీద ఎండబెట్టించి తెచ్చింది.

"ఏందవ్వ ఇది?" అంది నోరమ్మ.

"నువ్వు గంజి వెట్టుడు మరిచినట్టున్నవు, నేనే వెట్టిపిచ్చిన," అంది మల్లవ్వ. "మెత్తగ ఏలాడితె వాన ఆగుతదా? మా వాడల చూస్తె నవ్వరా, అర్ధం పని చేసి ఇచ్చిందని."

నోరమ్మ ఆ స్వెట్టరు చుట్టూ ఒకసారి తిరిగి, మెట్ల మీద కూర్చుండిపోయి, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఆమె పళ్లు కనిపించేలా నవ్వగా చూడటం మాకు అదే మొదటిసారి. మల్లవ్వ కొంతసేపు కోపంగా చూసి, తర్వాత తనూ నవ్వింది. ఆ స్వెట్టరు మల్లవ్వ ఇంటి చూరు కింద చాలా ఏళ్లు నిలబడే ఉంది. వానాకాలం దాని మీద గింజల బుట్ట పెట్టేవారు.

నేను చేరిన ఆరేళ్లకు నోరమ్మకు ఇంటి నుంచి ఉత్తరం వచ్చింది, తల్లి మంచాన పడిందని. ఆరు నెలలు సెలవు అడిగింది. బస్సు ఎక్కేనాడు ఆసుపత్రి మొత్తం గేటు దగ్గర ఉంది. మల్లవ్వ కూడా వచ్చింది. మల్ల రావాలె అని మాత్రం అంది. నోరమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, "వస్త అవ్వా. వచ్చే కత్తిరింపు నాటికి వస్త. పిల్లబొచ్చు దాచిపెట్టు," అంది. బస్సు కదిలాక కిటికీలోంచి మావైపు చూసింది. నేను చెయ్యి ఊపాను. ఆమె ఊపలేదు. ఆ రోజు డైరీలో "నోరమ్మ నా వైపు చూసింది, చెయ్యి ఊపలేదు" అనే రాసుకున్నాను. ఎందుకో నాకు తెలియదు గనుక ఎందుకో రాయలేదు.

ఏడాదిన్నర పాటు ఉత్తరాలు వచ్చాయి. పెద్ద పెద్ద తెలుగు అక్షరాలు, పోనుపోను ఇంకా పెద్దవి. తల్లి పోయిందని ఒకదాంట్లో ఉంది. ఆ తర్వాత ఆగిపోయాయి. నేను రాసిన రెండు ఉత్తరాలు తిరిగొచ్చాయి, ఆ చిరునామాలో లేరని. మిషన్ ఆఫీసులో అడిగితే వాళ్లకూ తెలియదన్నారు. కత్తిరింపు రోజులు వస్తూనే ఉన్నాయి. ప్రతిసారీ మల్లవ్వ పిల్లబొచ్చు కొంత వేరుగా తీసి మూట కట్టేది. ప్రతిసారీ ఆసుపత్రికి నడిచి వచ్చి గేటు దగ్గరే నన్ను పిలిపించి అడిగేది. లోపలికి వచ్చేది కాదు.

"నర్సమ్మా, జాబు గిట్ల వచ్చిందా?"

రాలేదంటే సరే అని అటు నుంచి అటే వెళ్లిపోయేది. నాకు ఆమెను చూస్తే నోరమ్మ మీద కోపం వచ్చేది. మాట ఇచ్చి మరిచిపోయేవాళ్లు ఉంటారు, ఆమె అలాంటిది కాదు. మరి ఎందుకు రాదు, ఎందుకు రాయదు? ఆ ప్రశ్న ఒకటే మా ఇద్దరికీ.

నోరమ్మ వెళ్లిన నాలుగేళ్లకు నాకు డబ్లిన్‌లో ఒక ఆసుపత్రిలో ఏడాది ప్రసూతి శిక్షణకు అవకాశం వచ్చింది. బాపు బెల్లంపల్లి నుంచి వచ్చి కొత్త ట్రంకుపెట్టె ఇచ్చి పోయాడు. మల్లవ్వ పిల్లబొచ్చు నూలు ఉండ ఒకటి గుడ్డలో చుట్టి తెచ్చింది. "నోరవ్వ దొరికితె ఇయ్యి. నువ్వేం చెప్పకు, చేతుల వెట్టు. దొరికితె తోలుకరా," అంది. పక్క ఊరి నుంచి మనిషిని తీసుకురమ్మన్నట్టే అంది.

డబ్లిన్‌లో ఏడాదంతా సెలవు దొరకలేదు. శిక్షణ ముగిశాక ఓడకు పన్నెండు రోజుల వ్యవధి ఉంది. అది జూన్ నెల. మొదట నోరమ్మ పాత చిరునామాకు వెళ్లాను. ఆ ఇంట్లో వేరేవాళ్లు ఉన్నారు. తల్లి పోయాక ఇల్లు అమ్మేశారనీ, నోర చెల్లెలి దగ్గరకు, డానిగల్ జిల్లాలో సముద్రం వైపు ఏదో ఊరికి పోయిందనీ చెప్పారు. ఊరి పేరు వాళ్లకు తెలియదు. ఆ ప్రాంతంలో ఆడవాళ్లంతా అల్లుతారు, అక్కడ అల్లేవాళ్లను అడుగుతూ పో అని పోస్టాఫీసులో ఒకాయన సలహా ఇచ్చాడు. నాకు వేరే దారి కూడా లేదు.

అలా ఐదు రోజులు బస్సుల్లో తిరిగాను. చీర మీద పొడుగు కోటు, చేతిలో గొడుగు. నన్ను చూసి వింతగా చూసినవాళ్లు ఉన్నారు గానీ తలుపు వేసినవాళ్లు లేరు. ఏ ఊళ్లో దిగినా గుమ్మం ముందు స్టూలు వేసుకుని ఒకావిడ అల్లుతూ కనిపించేది. పలకరిస్తే ముందు టీ, తర్వాతే మాటలు. నా సంచిలోని నల్ల నూలు ఉండ తీసి చూపిస్తే అందరూ ఒకే పని చేసేవారు. ఒక పోగు లాగి, పురి విప్పి, వెలుతురులో చూసి, మళ్లీ పురి పెట్టి ఇచ్చేవారు. ఎవరు వడికారని అడిగేవారు. మల్లవ్వ గురించి చెప్పేదాన్ని. చింతగింజల గంజి కథ చెబితే ఒక ముసలావిడ తన స్వెట్టరుకు కూడా పట్టిస్తే సముద్రం గాలి ఆగుతుందేమో అంది. పొయ్యిలో వాళ్లు బొగ్గు కాల్చరు. నేలలోంచి కోసి ఎండబెట్టిన నల్లటి మట్టిగడ్డలు కాలుస్తారు. ఒక గడ్డ చేతిలోకి తీసుకుంటే తేలిగ్గా ఉంది. ఇది ఇంకా బొగ్గు కాలేదు, కావడానికి చాలా కాలం పడుతుందని ఆ ఇంటాయన చెప్పాడు. బాపుకు రాయాలని అది డైరీలో రాసుకున్నాను. అందరూ ఆదరించారు గానీ నోర పేరు ఎవరికీ తెలియదు. పన్నెండు రోజుల్లో ఏడు అయిపోయాయి.

ఎనిమిదో రోజు శుక్రవారం. అక్కడ ఒక ఊళ్లో ఉన్ని ఇచ్చి స్వెట్టర్లు అల్లించుకునే దుకాణం ఉంది. శుక్రవారం నాడు చుట్టుపక్కల ఆడవాళ్లు అల్లినవి తెచ్చి తూకం వేయించి, మళ్లీ కొత్త నూలు తీసుకుపోతారు. బస్సు కోసం వాళ్లతో పాటే బల్ల మీద కూర్చున్నాను. పొద్దు పోక నా సూదులు తీసి, టోపీ ఒకటి మొదలుపెట్టాను. నాలుగైదు వరుసలు అయి ఉంటాయి. పక్కన కూర్చున్న లావుపాటి ఆవిడ, తర్వాత తెలిసింది పేరు బ్రిజిడ్ అని, నా చేతుల వైపే చూస్తోంది. ఇంకో వరుస పూర్తి చేసి గోటితో రెండుసార్లు తట్టాను.

"ఆ తట్టడం నీకెవరు నేర్పారు?" అని అడిగింది.

మా ఊళ్లో అల్లేవాళ్లం అందరం అలాగే తడతామని చెప్పాను. మీరు తట్టరా అని అడిగాను. ఆవిడ చుట్టూ ఉన్నవాళ్లకు చెప్పింది, అందరూ తమ సూదులు ఆపి నన్ను చూశారు. ఇక్కడ ఎవరూ అలా తట్టరట. చర్చి అవతల ఒక్క ఇంట్లో తప్ప. అది అల్లిక పద్ధతి కాదు, వాళ్ల అమ్మకు వరుసలు లెక్క తప్పకుండా ఉండటానికి ఉన్న అలవాటు, కూతుళ్లిద్దరికీ అది అంటుకుంది. ఆ కూతుళ్లలో చిన్నామె క్యాథ్లీన్. పెద్దామె ఇండియాలో ఉండి వచ్చింది.

నా సూది మీంచి రెండు ఉచ్చులు జారిపోయాయి. బ్రిజిడ్ తన స్వెట్టర్లు బల్ల మీదే వదిలేసి నన్ను వెంటబెట్టుకుని నడిచింది.

రాళ్ల గోడ పక్కన, ఎండలో, నోరమ్మ కుర్చీ వేసుకుని అల్లుతోంది. జుట్టు పూర్తిగా తెల్లబడింది. నేను ఎదురుగా నాలుగడుగుల దూరంలో నిలబడ్డాను. నేను వచ్చినా ఆమె తల ఎత్తలేదు. ముఖం మారలేదు. సూదులు ఆడుతూనే ఉన్నాయి. ఒక్క క్షణం నా ఐదేళ్ల కోపం అంతా పైకి వచ్చింది. మరిచిపోయింది అనుకున్నాను.

"నోరమ్మా, బాగున్నరా?" అన్నాను.

సూదులు ఆగాయి. ఆమె తల ఎత్తింది. నా వైపు కాదు, నాకు జానెడు పక్కకు. అప్పుడు అర్థమైంది.

"ఎవలు?" అంది. నా వైపు చెయ్యి చాచి, "ఎస్తేరా? నువ్వేనా బిడ్డా? బువ్వ తిన్నవా?"

మల్లవ్వ చెప్పినట్టే ఏమీ మాట్లాడకుండా నూలు ఉండ ఆమె చేతిలో పెట్టాను. వేళ్లతో తడిమింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. "మల్లవ్వ వడికింది. ఇంక గింత గట్టిగనే వడుకుతున్నదా?" అంది. ఆ తర్వాత ఉండను ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో కప్పుకుంది.

అది నీటికాసుల జబ్బు, చూపును కొద్దికొద్దిగా తినేసేది. మన ఆసుపత్రిలో ఉన్నప్పుడే మొదలైంది. తల్లి జబ్బు నిజమే, కానీ ఆమె బస్సు ఎక్కింది అందుకొక్కదానికే కాదు. ఆ సాయంత్రం చెప్పింది. "థర్మామీటర్ల గీత కనవడకుండె. ఒక్కనాడు అందాజుగ రాసిన. నూటొకటి అని. నూటొకటే ఉండొచ్చు. గని నేను సూడలే, అనుకొని రాసిన. గా దినమే తెలిసింది నాకు, ఇంక గీడ ఉండొద్దని." ఐర్లండు డాక్టర్లు బాగుచేస్తారని ఆశ ఉండిందట. అందుకే కత్తిరింపు నాటికి వస్తానంది. రెండు ఆపరేషన్లయ్యాయి. ఉత్తరాలు చివరికి వేలితో తడుముకుంటూ రాసింది. అక్షరం మీద అక్షరం పడుతోందని చెల్లెలు చెప్పాక మానేసింది. ఇంగ్లీషులో చెల్లెలితో రాయించవచ్చు కదా అన్నాను. రాస్తే కళ్ల సంగతి చెప్పాలి, చెబితే తన స్థానంలో ఇంకొకరిని పెడతారని మొదట్లో భయపడింది. తర్వాత భయం పోయి సిగ్గు మిగిలింది. మల్లవ్వకు చెప్పకు అంది. నేను మాట ఇవ్వలేదు.

ఆ ఇంట్లో మూడు రోజులు ఉన్నాను. నోరమ్మ నాతో మన ఆసుపత్రి గేటు దగ్గర మొదలుపెట్టించి, బావి, వార్డు, వంటిల్లు, వరండా వరకు ఒక్కొక్కటే చెప్పించుకుంది. నేను కంటికి కనిపించేవి చెబుతుంటే ఆపేది. "రంగులు నాకు యాదికున్నయి. సప్పుడు చెప్పు. వాసన చెప్పు," అనేది. చెప్పడం నాకు మొదట రాలేదు. రెండో రోజుకు బావి గిలక ఏ శ్రుతిలో అరుస్తుందో, కాన్పుల వార్డులో పొద్దున ఏ వాసన ముందు వస్తుందో వెతుక్కుని చెప్పగలిగాను. ఐదేళ్లుగా ఆమెకు తెలుగు మాట వినిపించలేదు. కొండ మీది గొర్రెలతో తెలుగులో మాట్లాడేదట. వాటికి బాగానే అర్థమవుతుందని క్యాథ్లీన్ నాకు చెప్పింది.

ఇంటికెళ్లాక రాస్తానంటే నోరమ్మ నవ్వి, చదివేదెవరు అంది. అప్పుడు నాకు తోచింది. కాగితం తీసి తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో ఒక వాక్యం రాసి క్యాథ్లీన్‌కు ఇచ్చాను, పైకి చదవమని. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, గొంతు సవరించుకుని, ఒక్క ముక్క అర్థం కాకుండా, చర్చిలో వాక్యం చదివినట్టు చదివింది. నేను రాసింది "నోరమ్మా, మల్లవ్వ గంజి పెట్టిన అంగీ ఇంక నిలవడే ఉన్నది" అని. క్యాథ్లీన్ నోట్లో పడి అది నలిగి నుజ్జయింది. కానీ నోరమ్మకు చేరింది. పళ్లు కనిపించేలా నవ్వింది, మెట్ల మీద కూర్చుని నవ్వినట్టే.

తిరిగి వచ్చేసరికి ఇక్కడ వానలు మొదలయ్యాయి. మూడో రోజు మల్లవ్వ గేటు దగ్గరకు వచ్చింది. ఆమె అడగకముందే నా వెనక ఎవరైనా ఉన్నారేమో అని చూసింది. నేను చూసింది చెప్పాను. నోరమ్మ నాకు వేరే రకంగా చెప్పడం నేర్పలేదు. కళ్లు పోయాయనీ, అందుకే రాలేదనీ, నీకు చెప్పవద్దందనీ, అన్నీ. మల్లవ్వ ఆసుపత్రి గోడకు ఆనుకుని కూర్చుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి తీసేసింది.

"కండ్లు వోతె ఏంది?" అంది. "కదురుకు కండ్లెందుకు? నేను చీకట్ల వడుకుత. సూదులాడిచ్చుడు మానిందా మరి? మానలే గద. రమ్మను. చెయ్యి వట్టుకొని నేను తిప్పుత. మా ఇంట్లనే ఉంటది. ఇగో, గిదంత రాయి. ఒక్క ముక్క ఇడువకు."

ఒక్క ముక్క వదలకుండా రాశాను. రెండు నెలలకు క్యాథ్లీన్ చేతిరాతతో ఇంగ్లీషులో జవాబు వచ్చింది. మల్లవ్వ మాటలున్న పేరాను నోరమ్మ నాలుగుసార్లు చదివించుకుందట. నాలుగోసారి అయ్యాక కర్ర తీసుకుని గొర్రెల దొడ్డి దాకా ఒక్కతే వెళ్లి చీకటిపడేదాకా రాలేదట. ఉత్తరం కింద నోరమ్మ చెప్పి రాయించిన మాటలు ఉన్నాయి. మల్లవ్వకు వాటిని తెలుగులో చదివి వినిపించాను: నేను అక్కడికి వచ్చింది నలుగురిని చూసుకోవడానికి, ఇప్పుడు వస్తే మీరు నన్ను చూసుకోవాలి, అది నా చేత కాదు, కోపగించుకోవద్దు, పిల్లబొచ్చు ఇక దాచకుండా టోపీలకు ఇచ్చెయ్యి అని. మల్లవ్వ అంతా విని, "గట్లనే తియ్యి," అంది. దాచిన మూటలన్నీ ఆ వారమే తెచ్చిచ్చింది. ఆ చలికాలం మా వార్డులో పుట్టిన పిల్లలందరికీ నల్ల టోపీలే. మల్లవ్వ తర్వాత కూడా కత్తిరింపు రోజుల్లో వచ్చేది. ఏమీ అడిగేది కాదు. ఉత్తరం వచ్చి ఉంటే వినేది.

నెలకొకటి చొప్పున పద్నాలుగేళ్లు రాశాను. మందమర్రి ఆసుపత్రికి మారినా, ఆదిలాబాద్ చలిలో వేళ్లు వంకర్లు పోయినా మానలేదు. మల్లవ్వ పోయిందని కూడా ఇంగ్లీషు అక్షరాల తెలుగులోనే రాశాను. చివరికి నోరమ్మ పోయిందని క్యాథ్లీన్ రాసింది. ఆ ఉత్తరం నా దగ్గర ఉంది. అందులో ఒకచోట ఇలా ఉంది: "ఇన్నేళ్లు నీ ఉత్తరాలు పైకి చదివాను. ఒక్క మాటకూ నాకు అర్థం తెలియదు. అక్క ఎక్కడ నవ్వుతుందో, ఎక్కడ చెయ్యి ఎత్తి మళ్లీ చదవమంటుందో మాత్రం తెలుసు. ఇప్పుడు సాయంత్రాలు ఒక్కదాన్నే కూర్చుని వాటిని పైకి చదువుకుంటున్నాను. ఆమె నవ్వినచోట ఆగుతున్నాను."

అర్థం రాసి పంపమంటావా అని అడిగాను. వద్దంది. కొత్తవి రాయమంది. ఆమె కూడా పోయేవరకు రాశాను. ఇప్పుడు ఆ ఇంట్లో ఎవరూ లేరు. నా డైరీ మాత్రం అలాగే సాగుతోంది. ఏ రోజు రాత అయినా ముగించాక ఒకసారి పైకి చదువుతాను. కళ్లు లేనివాళ్లకు చేరుతుందా, భాష రానివాళ్ల నోటి గుండా వెళ్లినా చేరుతుందా అని చూస్తాను. చేరదనిపిస్తే కొట్టేసి మళ్లీ రాస్తాను.